కుట్టు విప్పడం

గుణుపురంలో రాత్రి తొమ్మిది దాటాక
కరెంటుంటే కుట్టుమిషను,
లేకపోతే చదరంగం.
కత్తిరింపుల బల్ల మీద
సుద్దముక్కతో అరవై నాలుగు గళ్ళు గీస్తాను.
పొద్దున్నే తుడిచేస్తాను,
గిరాకీల గుడ్డకి సుద్ద అంటితే ఊరుకుంటారా.

నలభై మూడేళ్ళకి అబ్బిన పిచ్చి ఇది.
అంటించింది పోస్టాఫీసు పాణిగ్రాహి బాబు.
చొక్కా కాలరు తిప్పి కుట్టమని వచ్చి
కుట్టేదాకా ఊరికే కూచోలేక
సంచీలోంచి పావులు తీశాడు.
కూలి డబ్బులిచ్చి వెళ్ళాడు, పావులు మరిచిపోయాడు.
మరిచిపోయానని ఆయనే అంటాడు.

అప్పట్నించీ ఓడుతున్నాను.
ఆయన చేతిలో, ఆయన మనవడి చేతిలో,
బొత్తాలు తెచ్చే కుర్రాడి చేతిలో.
ఓ రాత్రి ఒక్కదాన్నే రెండు వైపులా ఆడి
ఎలాగో తెలీదు,
రెండు వైపులా ఓడినట్టే లేచాను.

మా ఆయన పెద్దగా ఏమీ అనడు.
అన్నం చల్లారిపోతే మాత్రం
"ఏం గుర్రమే అది, ఇంటికి రాదా?" అంటాడు.

కొలతల పుస్తకంలో
ఎడం పేజీ జాకెట్లు, కుడి పేజీ ఎత్తులు.
ఓరోజు కలిసిపోయాయి:
ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి తొమ్మిది, గుర్రం ఎఫ్ మూడు.
కిళ్ళీకొట్టు కుంతలమ్మ జాకెట్టులో
ఎఫ్ ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలీదు.

మాఘంలో పర్లాకిమిడి పోటీకి వెళ్ళాను,
పొద్దుటి పాసింజరులో,
ఒళ్ళో చద్దన్నం డబ్బా, గుండెలో దడ.
బడి హాల్లో నా బల్లకి అటువైపు
కాళ్ళు నేలకి అందని పిల్ల.
ఝిల్లీ సబర, తొమ్మిదేళ్ళు.
కొండ మీంచి నడిచి, కింద జీపెక్కి వచ్చిందట.
"నమస్కార్ మావుసీ" అంది.
పద్దెనిమిదో ఎత్తుకి
నా వెనక వరసలోకి ఏనుగుని దింపింది.
రాజు ముందు నా మూడు బంట్లూ
తలుపుకి వేసిన అడ్డగడియల్లా కదలకుండా ఉన్నాయి.
దొంగ రాకుండా వేసిన గడియ
ఇంట్లోవాడినే బయటికి పోనివ్వలేదు.
పిల్ల నవ్వలేదు. చేతులు కట్టుకు కూచుంది.
నవ్వి ఉంటే కోపమన్నా వచ్చేది.

తిరుగుబండిలో తేల్చేసుకున్నాను,
పావులు బాబుకి ఇచ్చేద్దామని,
ఈ వయసులో ఇదేం యావ అని.

మర్నాడు మినతి వచ్చింది
పెళ్ళినాటి జాకెట్టు వదులు చెయ్యమని.
పందొమ్మిదేళ్ళ కిందట నేను కుట్టిందే.
బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే
లోపల మడతలో అంగుళం గుడ్డ,
ఎండ చూడని ఎరుపు, నిన్న కొన్నట్టు.
మినతి ఒళ్ళు ఎప్పటికైనా మారుతుందని
అప్పుడే తెలిసి వదిలిన జాగా.
ఊళ్ళో అందరి ఒంటికీ అంగుళం వదిలేదాన్ని,
నా రాజుకి ఒక్క గడి వదల్లేదు!

మిషను నేర్పిన దమయంతమ్మ
స్కేలుతో వేళ్ళ మీద కొట్టి చెప్పేది,
కోపంలో చింపకు, కూచుని విప్పు అని.
ఆ రాత్రి కరెంటున్నా మిషను తొక్కలేదు.
పద్దెనిమిదో ఎత్తు నుంచి
వెనక్కి, వెనక్కి, ఆట మొత్తం విప్పాను.
పదకొండు దగ్గర దొరికింది ముడి.
బంటుని ఒక్క గడి జరపడానికి
తీరిక ఉంది అక్కడ.
ఆ క్షణాన నేను చూస్తున్నది మాత్రం బల్లని కాదు,
ఝిల్లీ గౌను మెడ దగ్గర
ఊడి వేలాడుతున్న కుట్టుని.

పావులు ఇవ్వలేదు.
మొన్న బాబు చేతిలో నలభై ఒకటో ఎత్తుకి ఓడాను.
పోయినేడు పద్నాలుగు దాటేది కాదు.
ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు,
అదొక్కటీ నేను చూశాను.
ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ రోజు కుంతలమ్మ దగ్గర కూలి తగ్గించాను.

వచ్చే నెల మళ్ళీ పర్లాకిమిడి.
డబ్బా సర్దాను, పుస్తకం పెట్టాను,
సూది, తెల్లదారం కూడా.
ఆ పిల్ల ఎదురొస్తే
గడియారం నొక్కకముందే మెడ కుట్టేస్తాను.
తర్వాత చూసుకుందాం.